మహారాజుగారి తపాలా

మా బావకి కళ్ళజోళ్ళ కొట్టుంది. కొట్టులో ఆయనంత జాగ్రత్తపరుడు ఇంకొకడు ఉండడు. తయారైన జోడు కోసం ఎవరొచ్చినా పేరు, వీధి, ఫోను నంబరు చెప్పాలి. ఆ నంబరుకి ఈయన ఫోన్ చేస్తే వాళ్ళ జేబులో మోగాలి. అప్పుడే జోడు చేతికిస్తాడు. "ఊరూ పేరూ లేనివాళ్ళకి నా సరుకివ్వను" అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇంటికొచ్చాడంటే మనిషి వేరు. ఈమెయిల్ పంపాలంటే లోకమంతా ఏదో ఒక కంపెనీ గుమ్మం తొక్కుతుంది. బావకది నామోషీ. "మన ఉత్తరం ఇంకొకడి సంచిలో వెయ్యడమేంట్రా!" అంటూ వెనకగదిలో బీరువా పక్కన ఒక పాత కంప్యూటర్ పెట్టి, దాన్నే సొంత తపాలా ఆఫీసు చేశాడు. దానికి 'మహారాజు' అని పేరు కూడా పెట్టాడు. దాని ఫ్యాను మోత భరించలేక అక్క తన కుట్టుమిషన్ని వంటింటి గుమ్మంలోకి జరుపుకుంది. వీధిలో వాళ్ళు బావనే మహారాజుగారు అనడం మొదలెట్టారు. వెటకారమని ఆయనకి తట్టనేలేదు, మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు.

చిక్కేమిటంటే, ఒక కంప్యూటర్ ఉత్తరం తెస్తే అవతలి కంప్యూటర్ ముందు "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. చెప్పిన పేరు ఇంటర్నెట్ చిరునామాల్లో ఉందో లేదో వెతుకుతుంది. మనది "మహారాజు" అంటుంది. ఏ మహారాజు, ఎక్కడి మహారాజు? ఆ ఇంటి గోడలు దాటితే ఆ పేరు ఎవరికీ తెలియదు. కొందరు ఉత్తరాన్ని మొహాన కొట్టేవారు, కొందరు తీసుకుని చెత్తలో వేసేవారు. నాకు రాసింది లాటరీ మోసగాళ్ళ ఉత్తరాల మధ్య దొరికింది. అదే చెప్తే, "నీ పెట్టెకి మనుషుల్ని పోల్చుకోవడం రాదురా బావమరిదీ" అన్నాడు. "సరైన పేరొకటి నమోదు చేయించు బావా" అన్నాను. "నా ఇంట్లో నేను పెట్టుకున్న పేరుకి ఎవడి అనుమతి కావాలి?" అని లేచాడు.

ఆయన తిప్పలు ఆయన పడితే నాకేం? ఆ పంతం అక్క నోటిదాకా వచ్చిన కూడు లాగేసింది, అదీ నా మంట.

కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో అక్కకి టీచరుద్యోగం వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇరుగుపొరుగు బట్టలకి అంచులు మడిచి కుట్టిన మనిషికి మొదటిసారి ఒక బల్ల, ఒక కుర్చీ, నెల జీతం. శుక్రవారం సాయంత్రంలోగా "చేరతాను" అని ఈమెయిల్ పంపాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తారు. అక్క చెప్తుంటే బావ టైపు చేశాడు.

"వెళ్ళిందాండీ?"

"వెళ్ళక? మహారాజు పంపితే ఆపేదెవడు!"

ఆపారు. కాసేపట్లోనే వెనక్కొచ్చింది. ఈ పేరుగలవాళ్ళు మాకు తెలియదు, తీసుకోం అని జవాబు. నా ఫోన్లోంచి పంపితే రెప్పపాటులో చేరేది. అక్కతో ఒక్క ముక్క చెప్పినా తనే నడిచి వెళ్ళి చెప్పేసేది. చెప్తే పరువేం కావాలి? ఈ మేధావి కంప్యూటర్ పేరు 'మహారాజాధిరాజు' అని మార్చి మళ్ళీ పంపాడు. అదీ తిరిగొచ్చింది. 'చక్రవర్తి' చేశాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! శుక్రవారం కాస్తా గడిచిపోయింది.

సోమవారం అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కత్తెరా టేపూ సంచిలో వేసుకుని కేంద్రానికి వెళ్ళింది. బల్ల దగ్గర ఇంకొకావిడ కూర్చుని ఉంది. "మీ జవాబు రాలేదమ్మా, ఇష్టం లేదేమో అనుకున్నాం" అన్నారట. అక్క ఇంటికొచ్చి నన్ను పిలిపించి, ఆ కంప్యూటర్ తెరిపించింది. తిరిగొచ్చినవన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చదివి వినిపించాను. అక్క ఏడవలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు గొళ్ళెం పెట్టింది.

సాయంత్రం బావ కొట్టు మూసుకుని వచ్చి తలుపు తట్టాడు.

"ఎవరూ?" అంది అక్క.

"నేనే."

"నేనంటే? ఊరూ పేరూ లేనివాళ్ళకి తలుపు తియ్యం."

"మహారాజునొచ్చానే, తియ్యి!" అన్నాడు నవ్వుతూ.

"అలాంటి పేరు మాకెక్కడా కనబడలేదు. వెనక్కి వెళ్ళండి."

బయట నవ్వు ఆగిపోయింది. ఎదురింటివాళ్ళు కిటికీలోకి వచ్చారు. నేను లేవబోయాను గానీ, అక్క చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నాను.

"నీ మొగుణ్ణే" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"మా ఆయనైతే ఉత్తరం తిరిగొచ్చిందని ఆరోజే చెప్పేవారు."

బయట చెప్పుల చప్పుడు రెండు మెట్లు దిగింది. వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

"కళ్ళజోళ్ళ కొట్టువాణ్ణి" అన్నాడు చివరికి, వీధంతా వినబడేలా. "ఉత్తరం చేరలేదని తెలిసీ దాచినవాణ్ణి. నీ ఉద్యోగం పోగొట్టినవాణ్ణి."

అక్క గొళ్ళెం తీసి, లోపలికి రానిచ్చింది. అన్నం మాత్రం ఆయన్నే వడ్డించుకోమంది.