గుమ్మిగాని ముక్కు, నా చెయ్యి

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, గోడకు ఒరిగినా ఫికర్ లేదు. చెప్పేది నవ్వే ముచ్చటే, గని నవ్వుతుంటే నడుమల గొంతుల ముల్లు తగిల్తే నన్ను అనొద్దు. ఆ దినాలల్ల, అంటే నిజాం సర్కారు పోయిన కొత్తల, చదువంటే దెబ్బలే. పిల్లల్ని బడిల ఏసేటప్పుడు తండ్రులు పంతులు ముంగట నిలవడి, "తోలు మీది, బొక్కలు మాయి" అని అప్పజెప్పి పోయేటోళ్లు. మా బాపు సుత గంతే అన్నడు. ఆడపిల్లనని జర ఆలోచన చేసి, "కండ్లు మాత్రం ఉంచుండ్రి పంతులూ, రేపు పెండ్లి చెయ్యాలె" అని కలిపిండు.

మాది చెన్నూరు దిక్కు చిన్న పల్లె, బడి వాగు అవతల. మా పాత పంతులుకు భుజం నొప్పి. అందుకని కొట్టుడు పని మాతోనే చేయించేటోడు. ఎక్కం తప్పినోని ముక్కు ఎడమ చేత్తోని పట్టుకొని, కుడి చేత్తోని చెంప మీద కొట్టాలె, ఎక్కం చెప్పినోళ్లు. నాకు ఒక్కపారి విన్నది మర్వరాదు. ఇగ చూస్కోండ్రి, బడంతటికి కొట్టేదాన్ని నేనే అయిన. మెల్లగ కొడితే, "గట్ల కాదే పోరి, గిట్ల" అని పంతులు నా చెంప మీదనే చూపెట్టేటోడు (గప్పుడు మాత్రం ఆయన భుజం నొయ్యకపోతుండె). అందరికంటె ఎక్కువ దెబ్బలు తిన్నది గుమ్మిగాడు. వడ్లు పోసే గుమ్మి లెక్క ఉంటడని ఆ పేరు. వానకాలం వాగొస్తే పిల్లలందరం చేతులు పట్టుకొని వరుసగ దాటాలె. ముంగట గుమ్మిగాడు, ఆని బలం మీదనే వరుస నిలిచేది. నా చెయ్యి మాత్రం ఆడు ముట్టకపోయేటోడు. "నా చెంప మీద పడ్డ చేతిని నేను పట్టుకుంటనా? వాగుల పోనీ" అనేటోడు. మిగిలినోళ్లు సుత గంతే. నేను పలక నెత్తి మీద పెట్టుకొని ఒడ్డున తడుసుకుంట నిలవడేదాన్ని. బాపు చూసి చూసి, "వచ్చే వానకాలం సుత గిట్లనే ఇంట్ల ఉంటే బడి బందే. అవ్వతోని బీడీలు చుట్టు" అన్నడు. అవ్వ తంబాకు దగ్గు తెల్లందాక వినేదాన్ని నేను.

ఆ ఎండకాలం పోంగనే పాత పంతులు పోయి కొత్త సారు వచ్చిండు. సన్నగ ఉండె, మమ్ముల "బిడ్డా", "నాయినా" అంటుండె. బెత్తం లేదు, చెంపదెబ్బలు బందు. మేము భయంతోని సచ్చినం. కొట్టేటోని దెబ్బ ఎప్పుడొస్తదో ఎర్కనే. కొట్టనోనిది ఎప్పుడు పడ్తదో ఎట్ల తెలుస్తది? "లోపల ఏదో పెద్దదే దాచిపెట్టిండురా" అని గుమ్మిగాడు అందర్ని పరేషాన్ చేసిండు. పెద్దోళ్లు సుత ఊకోలే. "ఒక్క దెబ్బ కొడ్తలేరు, మరి జీతం దేనికి సారూ?" అని మా బాపే పోయి అడిగొచ్చిండు.

సారు పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఎక్కం వచ్చినోళ్లు రానోళ్లకు నేర్పాలె. రానోడు అప్పజెప్పిన్నాడు ఇద్దరు కలిసి బడి గంట కొట్టాలె. గంటంటే తీగకు ఏలాడే రైలుపట్టా తునుక, దాన్ని కొట్టనీకె పానమిస్తుంటిమి. నా వంతుకు గుమ్మిగాడు పడ్డడు. "పదమూడు రెండ్లు చెప్పురా" అనుకుంట వెంట్రుకలు ఎనుకకు నూకుదామని చెయ్యి లేపిన్నో లేదో, ఆడు రెండు చేతులతోని ముక్కు మూసుకున్నడు! గాజులు సదురుకుంటే ముక్కు. పలక తుడిస్తే ముక్కు. ముక్కు మూసుకొని చెప్పిన ఎక్కం ఎవలికి సమజైతది? బడంత నవ్వింది. సారు నవ్వలే. దగ్గరికొచ్చి, "బిడ్డా, నీ చేతుల మీద నువ్వే కూసో" అన్నడు. చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్న. తిమ్మిర్లెక్కినయి. దినాము గదే పని. మెల్లమెల్లగ ఆని చేతులు ముక్కు మీదికెళ్లి గదువకు, గదువ మీదికెళ్లి ఒడిలకు దిగినయి.

ఓనాడు నా ముక్కు మీద ఈగ వాలింది. చెయ్యి తీస్తే ఆడు మళ్ల బెదురుతడు. "అరేయ్, జర ఈగను కొట్టురా" అన్న. ఆడు చెయ్యి లేపంగనే నేనే కండ్లు మూసుకొని తలకాయ ఎనుకకు గుంజుకున్న. దెబ్బ పడలే. కండ్లు తెరిస్తే, ఆడు పలకతోని మెల్లగ ఇసురుతుండు.

"ఎట్లుంటదో ఇప్పుడెర్కైందా?" అన్నడు.

"ఎర్కైంది."

"ఐతే పదమూడు ఎనిమిదులు మళ్ల చెప్పు, గాడ్నే ఇరుకుతున్న."

ఆ వారమే గంట కొట్టినం (ఆడు కొట్టిన కొట్టుడుకు తీగ తెగి పట్టా కిందపడ్డది). వాగు వచ్చిన్నాడు నేను ఎప్పటి లెక్కనే ఒడ్డున ఆగిన. గుమ్మిగాడు నడుము లోతు నీళ్లల్లకెళ్లి ఎనుకకు మర్లి చెయ్యి చాపిండు. "ఏందే సూస్తున్నవ్? రా."

"వాగుల పోనీ అంటివి గద?"

"నువ్వు పోతే పద్నాలుగో ఎక్కం నాకెవరు చెప్తరు?"

ఆ వానకాలమంత నేను బడి తప్పలే.

గంతే నా చదువు. కొట్టని సారు వద్దని పెద్దోళ్లు మొరపెట్టుకుంటే ఆయన్ను ఎటో బదిలి చేసిండ్రు. తర్వాత వచ్చినాయన బెత్తంతోనే దిగిండు. గుమ్మిగాన్ని ఆని బాపు పటేలు ఇంట్ల పాలేరు పనికి జీతం పెట్టిండు. మళ్ల వాగొచ్చేటాళ్లకు ముంగట నిలవడేటోడు లేడు, వరుస లేదు. మా బాపు బీడీలు చుట్టే తునికాకు చాట నా ఒడిల పెట్టిండు. ఇప్పుడు తల్సుకుంటె నవ్వొస్తది. ఆ పిచ్చి పొల్ల, అంటే నేనే, తన చదువు పోయిందని ఏడ్వలే, గుమ్మిగానికి పద్నాలుగో ఎక్కం సగంల ఆగిందని ఏడ్చింది.

లేవుండ్రి, పొద్దువోయింది. మీ ఇల్లు సల్లగుండ, మీ పొయ్యి ఆరకుండ. మీ ఇంట్లకెళ్లి బడికి పోయే పిల్లలు ఎంత వాగొచ్చినా నవ్వుకుంట ఇల్లు చేరాలె.