కార్తిక వేసిన నాజిల్ లెక్క

సేదరపేట్‌లో లోహపు పూతలు వేసే కంపెనీ ఒకటుంది. అరిగిపోయిన యంత్రభాగాల మీద రాగి పొడో అల్యూమినియం పొడో కొట్టి, పోయిన మందాన్ని మళ్లీ తెప్పిస్తారు. పొడిని కరిగించరు. గ్యాస్‌ను గట్టి ఒత్తిడితో సన్నటి నాజిల్‌లోంచి తోస్తే, ఆ ఊపుకే పొడి వెళ్లి లోహాన్ని పట్టుకుంటుంది. వేగం చాలకపోతే ఇసుకలా రాలిపోతుంది. నాజిల్ లోపల గ్యాస్ ఎట్లా పారుతుంది, పొడి ఎంత వేగం అందుకుంటుంది అని కంప్యూటర్‌లో లెక్క కట్టడం కార్తిక ఉద్యోగం.

అదే సెక్షన్‌లో పనిచేసే సుధాకరన్‌ను పెళ్లి చేసుకుంది. మొగుడూ పెళ్లాలు ఒకే సెక్షన్‌లో ఉండకూడదని కంపెనీ రూలు. ఇద్దరిలో ఎవరు మానాలన్న మాట అరియాంకుప్పంలోని అత్తగారింట్లో ఎవరూ ఎత్తలేదు. అత్త ధనభాగ్యం మాత్రం ఒక పొద్దున, "ఇంక నీకు బస్సు తిప్పలు ల్యావులే కార్తికా" అంది. అంతటితో కార్తిక ఉద్యోగం అయిపోయింది.

కొన్నాళ్లకు సుధాకరన్ లాప్‌టాప్ ఇంటికి తెచ్చాడు.

"హీలియం గ్యాస్ ఖరీదని మానేసి నైట్రోజన్‌తో కొట్టమంటా ఉండారు. రాగి అంటుకోవడం ల్యా. రవ్వంత చూస్తావా?"

కార్తికకు ఎంత సంతోషం వేసిందంటే, పొయ్యి మీద చారు పొంగిపోతున్నా గమనించలేదు. మధ్యాహ్నాలు అత్త కునుకు తీసేటప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చునేది. గ్యాస్ దూసుకుపోతోంది గానీ పొడి వెనకబడుతోంది. పైగా లోహానికి కాస్త ఇవతలే గ్యాస్ ఒక్కసారిగా నెమ్మదించి పక్కకు మళ్లుతోంది. మరీ సన్నటి రేణువులు దాంతోపాటే తప్పుకుంటున్నాయి. నాజిల్ విచ్చుకునే భాగాన్ని పొడవు చేసింది. మరీ సన్నమూ మరీ లావూ కాని పొడి వాడమంది. కంపెనీ ఆ కొలతలకే నాజిల్ చేయించింది. రాగి పట్టింది.

సుధాకరన్ సెక్షన్ హెడ్ అయ్యాడు. ఎగ్జిబిషన్‌లో పెట్టిన పోస్టర్‌లో గ్యాస్ పారే తీరు చూపిస్తూ కార్తిక గీసిన రంగుల బొమ్మ కింద అతని పేరుంది.

"నీ పేరు ఎట్లా ఏస్తారు? నువ్వు స్టాఫ్ కాదు గదా" అన్నాడు. ఆ మాట నిజమే.

పక్కనే ఇంకో కంపెనీ ఇదే పనికి మనిషి కావాలంటే కార్తిక ఇంటర్వ్యూకి వెళ్లింది. రఘునాథన్ అనే మేనేజరు లాప్‌టాప్‌లో ఆ పోస్టర్ బొమ్మే తెరిచి చూపించి, "ఇట్లాంటిది చేయగలరా?" అని అడిగాడు.

"అది నేను చేసిందే సార్."

రఘునాథన్ నవ్వాడు. సుధాకరన్ తనకు తెలుసంటూ అప్పుడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, కార్తిక పేరు చెప్పి అడిగాడు.

"ఆ సార్, నా మిసెస్సే" అంది సుధాకరన్ గొంతు. "బొమ్మలకు రంగులు ఏయడంలో కొంచెం సాయం చేసింది."

"నన్నొక ప్రశ్న అడగండి సార్" అంది కార్తిక.

"ఎందుకమ్మా, ఇంట్లోనే మంచి గురువున్నాడు. నేర్చుకోండి" అని రఘునాథన్ లాప్‌టాప్ మూశాడు. మర్యాదగానే తలుపుదాకా సాగనంపాడు.

ఆ సాయంత్రం సుధాకరన్ అన్నం కలుపుకుంటూ, "స్పీకర్‌లో పెట్టినాడని నాకేం తెలుసు?" అన్నాడు.

"తెలిసుంటే ఏం చెప్పుండేవారు?"

అతను పెరుగు వేసుకున్నాడు.

తర్వాత అల్యూమినియం పని వచ్చింది. పొడి నాజిల్ లోపలి గోడకే అంటుకుని దారి పూడిపోతోంది. అతను మళ్లీ లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చూడగానే ఆమెకు తెలిసింది: గోడ వేడెక్కుతోంది, దాన్ని చల్లబరచాలి, లేదా వేరే పదార్థంతో చేయించాలి.

"నాకు తెలీదు" అంది.

"నీకా? తెలీదా?"

"తెలీదండీ."

అతను బతిమాలాడు, అలిగాడు. ఆమె ఆ మాటే పట్టుకుంది. ఇంక ఆఫీసులో అడుగుతారు, జవాబుండదు, అప్పుడైనా లెక్క ఎవరిదో బయటపడుతుందని ఎదురుచూసింది.

సుధాకరన్ ఆఫీసుకు వెళ్లి, మనం చేయడం దండగ, రెడీమేడ్ నాజిల్ కొనడమే మేలని చెప్పాడు. అది నిజంగానే పనిచేసింది. కంపెనీకి ఎంతో సమయం కలిసొచ్చిందని యాజమాన్యం మీటింగులో అతన్ని మెచ్చుకుంది. ఆ సంగతి అతనే ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. కార్తిక వడ్డిస్తూ విన్నది.

ఇప్పుడు వీధి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతోంది. ఆమె మొగుడితో అవసరానికి మించి మాట్లాడదు. అతను అది గమనించినట్టు లేదు. ధనభాగ్యం మాత్రం, తన కోడలు ఈ మధ్య నిమ్మళంగా ఉందని పక్కింటివాళ్లతో చెబుతూ ఉంటుంది.