లోపల అధికారి, బయట సీలు

మొన్న ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా అమ్మాయి ఇంట్లో టీవీలోంచి ఈల, ఆ వెంటనే మెట్ల మీంచి దబదబా మనుషులు దొర్లిన చప్పుడు వినిపించాయి. పాత హాంకాంగ్ హాస్యచిత్రం, చేతకాని సెక్యూరిటీ గార్డుల కథ. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం సూర్నారాయణగారు గుర్తొచ్చారు.

ఎనభైలలో ఢిల్లీలోని ఓ సర్కారు ఆఫీసులో నేను తాత్కాలిక గార్డుని. సివిల్స్ రాద్దామని వెళ్లి, గట్టెక్కలేక ఖాకీ తొడిగాను. శ్రీకాకుళం మనిషి సూర్నారాయణగారు మా హెడ్‌గార్డు. రికార్డు గదికి రోజూ తాళం వేసి, పైన లక్క సీలు వేయాలి. ఆ సీలు తీయాలంటే సెక్షన్ అధికారి సంతకం ఉండి తీరాలి. ఓ శనివారం మధ్యాహ్నం ఆయన, “లోపల సూసావేటి?” అన్నారు. “చూశానండీ” అన్నాను. సీలు వేశాం. అయిదు నిమిషాలకల్లా లోపల్నుంచి తలుపు బాదుతూ సెక్షన్ అధికారి కేక: “అరే భాయ్, దర్వాజా ఖోలో!”

ఖర్మ కాకపోతే ఏమిటి! సంతకం పెట్టాల్సిన మనిషే లోపలున్నాడు. సూర్నారాయణగారు తొణకలేదు. ఫారం తలుపు కింద సందులోంచి లోపలికి తోసి, “సాబ్, సైన్ ప్లీజ్” అన్నారు. తిట్లతో పాటు సంతకం బయటికొచ్చింది. అప్పుడు గానీ సీలు పగలగొట్టలేదు మహానుభావుడు. పైగా సెల్యూట్ కూడా కొట్టారు.

మర్నాడు ఆఫీసు క్లబ్బులో వీడియో మీద వేసింది మొన్న టీవీలో వచ్చిన ఈ సినిమానే. కాంటనీస్ భాష, ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. తెలియనక్కర్లేదు కూడా, గార్డులు తమ యజమానినే గదిలో పెట్టి తాళం వేసేశారు. శనివారం సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోవడంతో హాలంతా గిర్రున నా వైపు తిరిగింది. ముందు వరసలో ఉన్న మా అధికారి చెవులు ఎర్రబడ్డాయి. సోమవారం నా ఉద్యోగం ఊడినట్టేననుకుని సిగ్గుతో, భయంతో చచ్చిపోయాను. ఇంతలో సూర్నారాయణగారు లేచి టీవీ పక్కన నిలబడి, తెర మీది గార్డు మాటలు తానే చెప్పడం మొదలెట్టారు. “సాబ్, సైన్ ప్లీజ్! ఠీక్ హై, అభీ సీల్ తోడ్తా హూఁ!” అంటూ సీలు పగలగొట్టినట్టు అభినయించారు. హాలు గొల్లుమంది. అధికారి కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. సూర్నారాయణగారు వచ్చి నా పక్కన కూర్చుని, “నువ్వూ నవ్వరా బాబూ, ఏటి ఆ ఏడుపు మొగం” అన్నారు.

అయినా నవ్వు నవ్వే, మెమో మెమోయే. సోమవారం జవాబు అడిగారు. నాకంటే ముందే ఆయన, తనిఖీ చేయాల్సింది తానేననీ, చేయలేదనీ రాసి ఇచ్చేశారు. నా ఉద్యోగం నిలిచింది. రిటైర్మెంటు మీద ఆయనకు రావలసిన ఏడాది పొడిగింపు పోయింది.

రిటైరై ఆయన ఊరెళ్లే రోజు, జనక్‌పురిలోని ఆయన గదికి వెళ్లాను. పరుపు చుట్టుకుంటున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. “ఆ రోజు నేను చూడలేదండీ. మీతో అబద్ధమాడాను.”

“నాకు తెల్దేటి? నీ మొగం సూడగానే తెలిసింది. జనక్‌పురి బస్సు ఎల్లిపోతాదని, సీలెయ్యమన్నాను. తప్పు నాది కాదేటి?”

తర్వాత నేనూ హెడ్‌గార్డునయ్యాను. నా కింది వాళ్లు “చూశాం సార్” అన్న ప్రతిసారీ ఒకసారి వాళ్ల మొహం చూసి, నేనే గదిలోకి వెళ్లేవాణ్ణి. ఉద్యోగం ముగిసేలోగా ఎన్ని బస్సులు వెళ్లిపోయాయో!