తమ్ముడిచ్చిన మాత్ర

మా ఇంటి కింద మందుల షాపు ఉంది. నడిపేది నా తమ్ముడు. పైన నేనూ మా ఇంటాయనా ఉంటాం. ఆళ్లగడ్డలో ఇంత భాగ్యం ఎవరికుందని బళ్లో తోటి టీచర్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. తలనొప్పి వస్తే మెట్లు దిగితే చాలు. దిగకపోయినా, బాల్కనీలోంచి కేకేస్తే మాత్రే పైకి వచ్చేది. మా ఇంటాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఉలి పట్టి పట్టి మణికట్టు పీకితే ఆయనకూ అక్కడి మాత్రే. డాక్టరు చెప్పింది మాకు అర్థమయ్యేట్టు చెప్పే పని కూడా తమ్ముడిదే. వాడు షాపు పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ డాక్టరుతో నేరుగా మాట్లాడింది లేదు. వాడు మాట్లాడేవాడు, మేము నాలుక చాపేవాళ్లం.

నిరుడు వేసవిలో నాకు కడుపు పైభాగంలో నొప్పి మొదలైంది. తిన్న తర్వాత వచ్చేది, వీపులోకి పాకేది. తమ్ముడే నంద్యాలకు తీసుకుపోయి స్కానింగ్ చేయించాడు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తను లోపలికి పోయి డాక్టరమ్మతో మాట్లాడి వచ్చాడు.

"ఏం ల్యాదక్కా, గ్యాసు. బళ్లో నువ్వు టయానికి తినవు గదా, అదీ సంగతి."

నాకు ప్రాణం లేచొచ్చింది. తిరిగొస్తూ బస్టాండులో ఇద్దరం సోడా తాగాం. డబ్బులు నేనిస్తానంటే వాడు ఒప్పుకోలేదు.

ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా గ్యాసు మాత్రా, నొప్పి మాత్రా కలిపి ఇచ్చేవాడు. డాక్టరు చీటీ లేకుండా ఎవరికైనా ఇచ్చేవే. నొప్పి తగ్గేది. తగ్గింది కాబట్టి వాడు చెప్పింది నిజమే అనుకున్నాను. పాఠం మధ్యలో బోర్డు వైపు తిరిగి, పిల్లలు చూడకుండా మింగిన రోజులున్నాయి. "మళ్లా వస్తాంది రా" అంటే, "పెండ్లి కానీ అక్కా, తీరిగ్గా చూపిద్దాం" అనేవాడు. వాడి కొడుక్కి పెళ్లి ఖాయమై ఉంది. వాడికి ఆడపిల్లలు లేరు. గడపలో హారతి పట్టుకుని, కొత్త జంటను నిలేసి, పేర్లు చెప్పించి గానీ లోపలికి రానివ్వని ఆడబిడ్డ ఆ ఇంటికి నేనొక్కదాన్నే.

పెళ్లి బాగా జరిగింది. కోడలు గడప ముందు నిలబడింది. హారతి పళ్లెం నా చేతిలో ఉంది. అప్పుడు కడుపులో మా ఇంటాయన ఉలి దిగినట్టయింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. తమ్ముడు చూశాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చేతిలో మాత్రలు పెట్టి, నీళ్ల గ్లాసు అందించాడు.

"ఇంత దాకా ఓర్చుకుంటివి. ఇంకొంచెం సేపక్కా."

మింగాను. "పేరు చెప్పందే గడప దాటేది లేదు కోడలా" అని నవ్వాను కూడా. ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు తెల్లారేసరికి వాంతులు. మంచినీళ్లు కూడా లోపల నిలవలేదు. తమ్ముడు మళ్లీ మాత్రల అట్ట తెచ్చాడు. మా ఇంటాయన దాన్ని లాక్కుని, "ఇంగ సాలప్పా" అన్నాడు. నన్ను కారులో వేసుకుని నంద్యాలకు బయలుదేరాడు. తమ్ముడూ వెనకే వచ్చాడు.

అదే డాక్టరమ్మ. పాంక్రియాస్, అంటే తిన్నది అరిగించే గ్రంథి, వాచిందంది. అది తాగేవాళ్లకొచ్చే జబ్బని విన్నాను. నేను జన్మలో తాగింది స్టాఫ్‌రూంలో టీ ఒక్కటే. ఆ నొప్పిలోనే ఆ మాట అన్నాను. ఆమె నవ్వలేదు.

"తాగుడొక్కటే కాదమ్మా, పిత్తాశయంలో రాయి జారి అడ్డం పడినా వాస్తుంది. రాళ్లున్నాయని అప్పుడే చెప్పాను గదా మీ తమ్ముడికి. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమన్నాను. ఈలోగా నొప్పి వస్తే మాత్రలతో సరిపెట్టొద్దు, తీసుకురమ్మన్నాను. మాత్ర వేస్తే నొప్పి తెలియదు, అంతే. లోపల జరిగేది ఆగదు."

తమ్ముడు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లాక అడిగాను.

"నీకు తెలుసునా?"

"తెలుసక్కా."

"గ్యాసంటివే!"

"నువ్వు ఆస్పత్రిలో పడితే హారతి ఎవరిస్తారు? పిల్ల తరపోళ్లు అపశకునమని ఎనక్కి పోతే? పెండ్లయినంక చేపిద్దామనే అనుకున్యా. దేవుని మీద ఒట్టు."

"పెండ్లికి ఇంకా ఎన్ని నెలలుండె రా! చెప్పింటే ఆలోపలే చేయించుకోని, నిలబడి ఇచ్చేదాన్ని గదా. నా కడుపు గురించి నాకు చెప్పల్లనిపించల్యా నీకు?"

వాడు ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కోపం కూడా అప్పుడు రాలేదు. అది తర్వాత వచ్చింది, ఇంకా పోలేదు. ఆ రోజు నా మనసులో తిరిగిందల్లా బస్టాండులో తాగిన సోడా. అన్నీ తెలిసి, నా పక్కన నిలబడి, వాడికి అది ఎట్లా గొంతు దిగింది?

ముక్కులో గొట్టం, చేతికి సెలైనుతో చాలా రోజులు ఆ మంచం మీదే ఉన్నాను. వాపు తగ్గాక ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, చిన్న నొప్పికి మామూలు జ్వరం మాత్ర వేసుకోవచ్చు, అదీ చెప్పిన లెక్క దాటొద్దు అంది. పెద్ద నొప్పయితే ఏ మాత్ర కోసమూ వెతక్కుండా బయలుదేరి రమ్మంది. ఈసారి నాకే చెప్పింది.

ఆ మాత్ర మా మెట్ల కింద దొరుకుతుంది. నేను మాత్రం చూపించుకోవడానికి పోయినప్పుడు నంద్యాలలో కొని, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతాను. షాపు ముందు నుంచే ఇంటికి పోవాలి. తప్పు చేసింది నేనైనట్టు బ్యాగు చంకలో బిగించుకుని మెట్లెక్కుతాను. "ఎన్నాళ్లు మే ఇట్ల?" అంటాడు మా ఇంటాయన. నాకు తెలియదు.

మొన్న సాయంత్రం తమ్ముడు పైకి వచ్చాడు. చేతిలో మాత్రల అట్ట ఉంది. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చేవాడు, గుమ్మం బయటే ఆగిపోయాడు.

"నొప్పి ఏమన్నా ఉందా అక్కా?"

ఉంది. కుట్ల దగ్గర పొద్దుటి నుంచీ సలుపుతోంది. ఇన్నేళ్లలో నాకెక్కడ నొప్పి పుట్టినా మొదట చెప్పింది వాడికే.

"ల్యాదు రా. బాగుండా."

వాడి మొహం తేటపడింది. గ్యాసని విన్న రోజు నా మొహం కూడా అట్లాగే తేటపడి ఉంటుంది. నా మాట నమ్మి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.