మునసబు గారి పొగగొట్టం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడా మగా అందరూ చుట్టలే కాల్చేవారు, ఒక్క మునసబు గారు తప్ప. కాలవ పనులు చూడడానికొచ్చిన దొర నోట్లో పొగగొట్టం చూసినప్పటినుంచి ఆయనకు చుట్ట నామోషీ అయిపోయింది. అచ్చం అలాంటిదే మా తాతయ్య చేత చేయించుకున్నారు. తాతయ్యది తరిమెన పని. కొయ్యను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కి, రంగు లక్క పూసి, బొమ్మలూ బరిణెలూ చేసేవాడు. మునసబు గారి గొట్టం పసుపుపచ్చగా బంగారంలా ఉండేది. ఆయన దాన్ని నోట్లోంచి తీస్తే కదా నలుగురికీ కనపడేది!

ఆ ఏడు మునసబు గారికి జబ్బు చేసింది. అరచేతులు గరుకెక్కి నల్లమచ్చలు లేచాయి. తిన్నది ఇమడదు, కాళ్ళు తిమ్మిర్లు. ఏ వైద్యమూ పారలేదు. రేవు దగ్గర చేపలమ్మే మామ్మ ఒకసారి ఆయనతో గొడవపడి, నీ చేతులు పడిపోనూ అని తిట్టిందట. ఇంకేముంది, చేతబడి అన్నారు. నన్ను ఈ భూమ్మీద పడేసిన మంత్రసాని ఆవిడే. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి. అలాంటి మనిషి వీధిలోకొస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకోవడం మొదలైంది. నాకు ఏడుపొచ్చేది.

ఒకనాటి పొద్దున తలారి ఆ గొట్టం తెచ్చి తాతయ్య ముందు పెట్టాడు. మూతి దగ్గర నునుపు పోయి, లక్క పెచ్చులూడి, కొయ్య కనిపిస్తోంది. సాయంత్రానికల్లా మళ్ళీ తళతళలాడాలన్నాడు. ఎందుకంత తొందరంటే గొంతు తగ్గించాడు. దీపాలవేళకు చావడి దగ్గర మామ్మను కూర్చోబెట్టి పళ్ళు పీకేస్తారట. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని అప్పటి నమ్మకం. పటకారు కూడా తెప్పించి ఉంచారట. మునసబు గారు అందరి ముందూ కూర్చోవాలి కదా, గొట్టం బాగుండొద్దూ!

తాతయ్య గొట్టాన్ని తరిమెనకు బిగించాడు. నాయనమ్మ తాడు లాగుతుంటే అది తిరగసాగింది. పెచ్చులూడిన పూత మీద కొత్త లక్క నిలవదు, అందుకని ముందు ఆ చోటంతా గోకాడు. నేను మొగలాకుల ముళ్ళు తీసి పక్కన పెట్టాను. తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. దాని మీద మొగలాకు నొక్కిపడితే మెరుపొస్తుంది. పసుపు కడ్డీ ఎత్తినవాడల్లా తాతయ్య ఆగిపోయాడు. గొట్టం మూతిని వెలుగుకు పట్టి చూశాడు. దానినిండా పళ్ళ గాట్లు.

"ఇది కొరుకుతారా?" అని తలారిని అడిగాడు.

"కొరకడమేంటండి బాబూ! పడుకున్నా నోట్లోనే ఉంటదండి. ఆ పెచ్చులు నవులుతానే ఉంటారండి" అని నవ్వి, సాయంత్రం వస్తానని తలారి వెళ్ళిపోయాడు.

తాతయ్య ముఖం పాలిపోయింది. ఆ పసుపు రంగు హరిదళంతో వస్తుంది. హరిదళమంటే పాషాణం, కడుపులోకి పోతే విషం. మా లక్కపనివాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది: పసిపిల్లల గిలక్కాయలకు ఆ పసుపు వెయ్యకూడదు, నోట్లో పెట్టుకుంటారని. మీసాలొచ్చిన మగవాడు, ఊరికి పెద్ద, పసిబిడ్డలా కొరుకుతాడని ఎవరనుకుంటారు? నునుపు పోయిందని పంపినప్పుడల్లా తాతయ్య పసుపు పూసి పంపాడు. పూసినదల్లా ఆయన కడుపులోకే పోయింది.

నాయనమ్మ తాడు వదిలేసి తాతయ్య కాళ్ళు పట్టుకుంది. "ఎర్ర లక్క పూసి ఇచ్చెయ్యండి. జబ్బు దానంతటదే తగ్గుద్ది. మునసబు గారికి మీరే విషం పెట్టారంటే మనల్ని బతకనిస్తారా?"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. జబ్బు తగ్గుతుంది. ఆ సాయంత్రానికి మామ్మ నోట్లో పళ్ళు మాత్రం ఉండవు. తాతయ్య ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టాడు. తర్వాత గొట్టం మీది రంగంతా గీకేసి, వట్టి కొయ్య మిగిల్చి, పొద్దు వాలుతుండగా లేచాడు. నేనూ వస్తానని పేచీ పెడితే నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

చావడి ముందు ఊరంతా ఉంది. మామ్మ నేల మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పటకారు పట్టుకున్నవాడు ఆవిడ వెనక నిలబడ్డాడు. అతనికి బొడ్డు కోసిందీ ఆవిడే. తాతయ్య ముందుకెళ్ళి గొట్టం మునసబు గారి ముందు పెట్టాడు.

"చేతబడి కాదండి బాబు గారూ, నేను పూసిన పసుపండి. అందులో పాషాణం ఉంటదండి. తమరు కొరుకుతారని తెలియక పూశానండి. వచ్చే అమావాస్య దాకా గొట్టం ముట్టకండి. అప్పటికీ తగ్గకపోతే ఆవిణ్ణొదిలేసి నా పళ్ళు పీకించండి."

మునసబు గారు ఆ వట్టి కొయ్యను తిప్పి తిప్పి చూశారు. తన పళ్ళ గాట్లను తానే వేలితో తడుముకున్నారు. చివరికి మామ్మను పొమ్మని చెయ్యి ఊపారు. గొట్టం మాత్రం మళ్ళీ నోట్లో పెట్టుకోలేదు.

అమావాస్య దాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తలారి రోజూ మా గుమ్మం ముందునుంచి వెళ్తూ తాతయ్య నోటికేసి చూసేవాడు. మునసబు గారికి మెల్లగా అన్నం ఇమిడింది, మామ్మ మళ్ళీ చేపల గంప ఎత్తుకుంది. నిజం నిష్ఠూరమంటారు కదా, తాతయ్యకు విషం పూసేవాడన్న పేరు పడిపోయింది. ఆయన చేసిన బొమ్మ కొన్నవాళ్ళు లేరు. గోదావరి దాటి వేరే ఊరు పోయి, లక్క మానేసి, వట్టి కొయ్యపనితో బతికాం.

ఎవరి మీదైనా నలుగురూ వేలెత్తుతుంటే, ముందు నా చేతుల మీదుగా ఏం పోయిందో చూసుకోవడం నాకు ఆనాటినుంచీ అలవాటు. చెప్పాల్సింది ఉన్న రోజున లేచి వెళ్ళడానికి నాకూ భయమే. మా తాతయ్యకు భయమంటే తెలియదని మా పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ళకేం తెలుసు, ఆ సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది నేను. చావడి దాకా ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.