సోములు గొయ్యి, నా డిప్లొమా

అనంతగిరి కొండల్లో నిక్షేపంలాంటి కేబులు తెగిపోయిందని ప్రకటించి, పూడ్చిన గొయ్యిని వానలో మళ్లీ తవ్వించిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను.

రెండువేల నాలుగు ప్రాంతం. డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలు. గర్వం మాత్రం ముప్పయ్యేళ్ల సర్వీసుకి సరిపడా ఉండేది. అక్కడో చిన్న మిషన్ ఆసుపత్రి. ఎక్స్‌రే గది వాలు కింద, కంప్యూటర్ గది పైన. మధ్య మామూలు తీగ వేస్తే పిడుగు పడ్డప్పుడల్లా రెండు కొసలా ఉండే పెట్టెలు కాలిపోయేవి. అందుకని వెలుగుని మోసుకెళ్లే గాజు తీగ, లోపల రెండు పోగులున్న ఆప్టికల్ ఫైబర్ కేబులు, తెప్పించారు. అది పనిచేస్తే ఎక్స్‌రే బొమ్మ కంప్యూటర్ గదికి, అక్కణ్ణించి విశాఖ డాక్టరుకి నిమిషాల్లో చేరుతుంది. రోగి ఘాట్ రోడ్డు దిగక్కర్లేదు. కాఫీ తోటల సోములు తన మనుషులతో గొయ్యి తవ్వి, కేబులు పరిచి, పూడ్చేశాడు. రెండు కొసలా వెలుగుని పంపే, అందుకునే పెట్టెలు బిగించి పరీక్షించడం నా వంతు.

బిగించాను. రెండు పెట్టెలూ కలిశాయని చెప్పే పచ్చ దీపం వెలగలేదు. తుడిచాను, పెట్టెని బతిమాలాను, తిట్టాను.

"కేబులు తెగింది. తవ్వండి," అన్నాను.

"ఏటి బాబూ, ఎలా తెగుద్ది? పసిగుంటని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాం," అన్నాడు సోములు.

"డిప్లొమా నీకుందా, నాకుందా?"

పాపం, వానలో తడుస్తూ తవ్వారు. కేబులు మీద గీత కూడా లేదు.

అప్పుడొచ్చింది నర్సు రత్నమ్మగారు, గొంతులు చూసే టార్చి పట్టుకుని. "ఇందులో నడిచేది వెలుగే కదా తమ్ముడూ? పెట్టెల్లోంచి తీగలు పీకు. ఈ లైటు వేసి చూద్దాం."

"సిస్టర్‌గారూ, ఇది సైన్సండీ!" అని జాలిగా నవ్వుతూనే తీగలు పీకాను. సోముల్ని పై గదికి పంపి, ఆవిడ కింది కొసలో ఒక్కో పోగులోకీ టార్చి వేసింది.

పై గదిలోంచి సోములు కేక: "ఎలుగొచ్చీసింది! రెండు పోగులకీ వచ్చీసింది!"

నా నవ్వు సగంలో ఆగింది.

"మరి దేన్ని ఎందులో పెట్టావు?" అంది రత్నమ్మగారు.

"నీలం పోగు పంపే రంధ్రంలో, నారింజ పోగు అందుకునే రంధ్రంలో. రెండు వైపులా ఒకేలా, ఎంతో శ్రద్ధగా."

"అంటే ఒక పోగులోకి రెండు పెట్టెలూ అరుస్తున్నాయి, ఇంకోదాని దగ్గర రెండూ చెవులొగ్గి కూచున్నాయి. ఎవరి మాట ఎవరు వింటారయ్యా?"

ఒక కొసన పోగులు మార్చి పెట్టాను. పచ్చ దీపం టక్కున వెలిగింది.

"బాబూ, గొయ్యి ఇప్పుడు పూడ్సీమా, ఇంకోపాలి ఆలోసించుకుంటావా?" అన్నాడు సోములు, చాలా మర్యాదగా.

సిగ్గుతో పార అందుకుని సగం గొయ్యి నేనే పూడ్చాను. మర్నాడు ఆ తీగ మీద మొట్టమొదట విశాఖ వెళ్లిన ఎక్స్‌రే నా నడుముదే. "ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. ఈయన పార పట్టడం ఇదే మొదటిసారా?" అని అడిగాడట డాక్టరు. రెండోది హుకుంపేట నుంచి దగ్గుతో వచ్చిన ఒక తల్లిది. ఆమెకి ఆ సాయంత్రమే మందు మొదలైంది.

మంచం మీద బోర్లా పడుకుని, ఆనాడే శపథం చేశాను: పోగులు మార్చి చూడకుండా, ఈ భూమండలం మీద ఎవరి గొయ్యికీ వంక పెట్టను!