కూర్చుని చూసే దీదీ

మా పోర్ట్‌బ్లెయిర్ కాలేజీ లైబ్రేరియన్‌ను అందరం దీదీ అనేవాళ్లం. ఎవరు ఏ ఇబ్బంది చెప్పినా, ముందు వాళ్ల కుర్చీలో తాను కూర్చుని చూసేది.

లంబాలైన్ పేటలోని మా ఒంటిగది ఇంట్లో కుదరక నేను లైబ్రరీలో చదువుకునేదాన్ని. అక్కడా ఫ్యాను తిరగదు, వెలుతురు చాలదు. "చదువు మానేస్తా దీదీ," అన్నాను ఒకరోజు. ఆమె నా చోట కాసేపు కూర్చుని, చెమట తుడుచుకుంటూ తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఒక్క గంట మా లైబ్రరీలో కూకోండి. బస్, అంతే."

ఆయన వచ్చి కూర్చున్నారు. కాసేపటికే లేచి, "పిల్లలు ఇక్కడెలా చదువుతున్నారు?" అన్నారు.

"చదవట్లేదు సార్. మానేస్తన్నారు."

మర్నాడే, ఫ్యాన్లూ వెలుతురూ ఉండి ఖాళీగా పడివున్న మీటింగ్ హాలును మా చదువుకు తెరిచారు. కిటికీ పక్క బల్ల నాకు చూపించింది దీదీ. సాయంత్రం తాళం వేసే వేళకు వచ్చి, "ఇంటికెళ్లవేటే?" అని నవ్వింది.

"ఇంకొక్క పేజీ దీదీ," అన్నాను.